పర్లాకిమిడిని ఒడిశాలో కలిపిన కృష్ణచంద్ర గజపతి తెలుగువాళ్ళకు అన్యాయం చేశారా?

పలాస నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ తాతగారిది పర్లాకిమిడి. మహారాజా కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవ్ పేరెత్తితే తాతగారు చేతులు జోడించేవారట. నాన్నగారు మాత్రం "తెలుగు ఊరిని ఒడిశాకి అప్పజెప్పిన మనిషి ఆయన" అంటారట. ఇద్దరిలో ఎవరి మాట నిజం, ఆ రాజు అసలెలాంటివాడు అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ద్రోహం అనే మాట ఆయనకి అతకదు. ఆయన తెలుగువాళ్ళ పక్షాన నిలబడి తర్వాత మాట మార్చిన మనిషి కాదు. మొదటినుంచీ తనది ఒడియా పక్షమేనని బాహాటంగా చెప్పి, దానికోసం సొంత ఎస్టేటు రెండు ముక్కలవుతుంటే ఒప్పుకున్నారు. అలాగని మీ నాన్నగారి బాధని తీసిపారేయలేం. ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళకి ఇష్టం లేకుండానే ఆ పని జరిగింది. ఆ నష్టం ఈనాటికీ ఉంది. ఆయన్ని నిలదీయాల్సిన విషయం ఒకటుంది గానీ, నా లెక్కలో అది 1936 కాదు, 1942. దాని గురించి కింద రాస్తాను.

నేను చరిత్ర ప్రొఫెసర్ని కాను. ముప్ఫై ఏళ్ళకి పైగా పర్లాకిమిడిలోనూ, నది దాటి పాతపట్నంలోనూ దస్తావేజులు రాశాను. పాత ఎస్టేటు కాగితాలు చదివి పెట్టడం నా పనిలో సగం. రాజుగారి గురించి పుస్తకాల్లో చదివినదాన్ని ఆ కాగితాలతో పోల్చి చూసుకోవడం అలవాటైంది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మొదట "మహారాజా" అనే మాట సంగతి. పర్లాకిమిడి నిజాం రాజ్యంలాగా సంస్థానం కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో, గంజాం జిల్లాలో ఉన్న పెద్ద జమీందారీ. శాశ్వత పద్ధతి కింద ఏటా సర్కారుకి పేష్కష్, అంటే ఖాయం చేసిన కప్పం, కట్టాలి. సొంత సైన్యం, సొంత చట్టం లేవు. ముఖలింగం దగ్గర కళింగనగరంలో ఏలిన తూర్పు గాంగుల వంశం తమదని ఆ కుటుంబం చెప్పుకుంటుంది. ఊరివాళ్ళకి ఆయన రాజే. దసరాకి దర్శనం చేసుకున్న ముసలివాళ్ళు ఆ మాట చెప్పేటప్పుడు గొంతు మారిపోవడం నేను విన్నాను. కానీ ఆయన చేసిన పనులు అర్థం కావాలంటే ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. ఒక ముక్కని ఇటు, ఒక ముక్కని అటు పెట్టే అధికారం ఆయన చేతిలో లేదు. ఆయన అడిగారు, వాదించారు, పరపతి వాడారు. గీత గీసింది లండన్.

ఆయన పుట్టింది 1892 ఏప్రిల్ 26న. తండ్రి గౌరచంద్ర గజపతి పోయేనాటికి ఈయన ఇంకా మైనరు. అందుకని ఎస్టేటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చేతిలోకి, అంటే మైనర్ల ఎస్టేట్లు చూసే సర్కారు శాఖ చేతిలోకి, వెళ్ళింది. కుర్రవాణ్ణి జమీందార్ల పిల్లలు చదివే మద్రాసు న్యూయింగ్టన్‌కి పంపారు. 1913లో ఎస్టేటు చేతికొచ్చింది. మరుసటి ఏడు, 1914లో, ఉత్కళ సమ్మేళనం సభ పర్లాకిమిడిలోనే జరిగింది. ఒడియా మాట్లాడే జనం నాలుగు ప్రాంతాల్లో చెల్లాచెదురుగా ఉన్నారు, వాళ్ళందరికీ ఒకే రాష్ట్రం కావాలని 1903 నుంచి మధుసూదన్ దాస్ నడుపుతున్న ఉద్యమం అది. అంటే ఇరవై రెండేళ్ళ వయసులోనే ఆయన ఏ వైపో లోకానికి తెలుసు. దొంగచాటు ఏమీ లేదు.

ఇక్కడ ఆ చిన్న రైలు గురించి చెప్పకుండా ఉండలేను. మీ తాతగారు ఎక్కే ఉంటారు. నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా నారోగేజి లైను గౌరచంద్రుడే సొంత డబ్బుతో వేయించారు, 1900లో నడిచింది. దాన్ని 1931 నాటికి గుణుపురం దాకా పొడిగించింది కొడుకు. టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం. ఒక ఎస్టేటు రైలు ఇప్పుడు రెండు రాష్ట్రాల మధ్య తిరుగుతోంది. 2004లో ఆ నారోగేజి బండి ఆగిపోయింది, తర్వాత బ్రాడ్‌గేజి వచ్చింది. కొండల నుంచి సవర గిరిజనులు చింతపండు, పసుపు తెచ్చి ఆ చిన్న బండి పెట్టెల్లో వేసుకుని వచ్చేవారు. పెట్టెంతా చింతపండు వాసనే. నేను పాతపట్నం ఆఫీసుకి దాంట్లోనే వెళ్ళిన రోజులున్నాయి. ఊరికి ఆ ఇంట్లోవాళ్ళు ఇచ్చినవాటిలో ఇదే పెద్దదని నా అభిప్రాయం. ఏ భాషవాడైనా ఎక్కే బండి అది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. 1926లో బ్రిటిష్ ప్రభుత్వం వ్యవసాయం మీద రాయల్ కమిషన్ వేసింది. అధ్యక్షుడు లిన్‌లిత్‌గో. అందులో ఒక సభ్యుడు మన పర్లాకిమిడి రాజా. 1928లో నివేదిక వచ్చేదాకా ఆయన ఆ పనిలో ఉన్నారు. 1930 నవంబరులో లండన్‌లో మొదటి రౌండ్ టేబుల్ సమావేశానికి జమీందార్ల ప్రతినిధిగా వెళ్ళి, అక్కడ ప్రత్యేక ఒరిస్సా రాష్ట్రం కావాలని మాట్లాడారు. జమీందార్ల బాధలు చెప్పుకోడానికి పంపిన మనిషి భాషా రాష్ట్రం అడిగాడు! తర్వాత సరిహద్దులు తేల్చడానికి ఓడొన్నెల్ కమిటీ వచ్చింది. 1933 మార్చిలో బ్రిటిష్ ప్రభుత్వ శ్వేతపత్రం వచ్చింది. అందులో కొత్త రాష్ట్రం ఉంది, పర్లాకిమిడి ఊరు మాత్రం లేదు. కొరాపుట్ వైపున్న జయపురం ఎస్టేటూ లేదు. ఆయన, ఉత్కళ నాయకులు కలిసి మళ్ళీ పట్టుబట్టారు. విషయం పార్లమెంటు సంయుక్త కమిటీ ముందుకి వెళ్ళింది. దాని అధ్యక్షుడు ఎవరనుకున్నారు? మళ్ళీ ఆ లిన్‌లిత్‌గోనే. పాత పరిచయం పనికొచ్చిందని ఎక్కడా రాసి ఉండదు. కానీ రెండేళ్ళు కలిసి దేశమంతా తిరిగిన మనిషి మాటకి విలువ ఉండదా? ఇది నా ఊహ, అలాగే తీసుకోండి.

1934 నవంబరులో ఆ కమిటీ ఇచ్చిన నివేదికలో తేలిందిది: పర్లాకిమిడి కొండ ప్రాంతాలు, అంటే మనం మాళియాలు అంటామే అవి, మైదానంలో ఎస్టేటుది ఒక చిన్న భాగం, అందులో పర్లాకిమిడి ఊరు. ఇవి, జయపురం ఎస్టేటుతో సహా, ఒరిస్సాకి. మిగిలిన మైదానమంతా, శిస్తు ఎక్కువగా వచ్చే పల్లం భూములతో సహా, మద్రాసులోనే ఉండిపోయింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం పుట్టింది. మహేంద్రతనయ నదికి ఇటు కోట, అటు పొలాలు.

అదెంత పెద్ద విషయమో కాగితాల్లో చూస్తేగానీ తెలియదు. ఒకసారి పాతపట్నం దగ్గరి ఊరి నుంచి ఒకాయన ఇనప్పెట్టె అడుగున దొరికిందని ఒక రసీదు తెచ్చారు. ఉల్లిపొర కాగితం, నాలుగు మడతల దగ్గరా చిరిగింది. శిస్తు మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ తెలుగులో రాసి ఉంది, కరణం సంతకం తెలుగులో, పైన పర్లాకిమిడి ఎస్టేటు ముద్ర. ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, 1346. అంటే 1936 జూలై నుంచి 1937 జూన్ లోపు. అప్పటికి రాజుగారు ఉంటున్న ఊరు ఒరిస్సా, ఆయనకి శిస్తు కట్టిన రైతు ఊరు మద్రాసు. అంతకంటే ముఖ్యం, రసీదు రాయించుకున్న ఆ కొద్ది నెలల్లోనే ఒరిస్సాకి మొదటి ప్రధానమంత్రి అయిన మనిషి ఎస్టేటు లెక్కలు ఇంకా తెలుగులోనే నడుస్తున్నాయి. ఆ కాగితం పట్టుకుని నేను చాలాసేపు కూర్చుండిపోయాను.

మరో కేసు. అన్నదమ్ములిద్దరు, తాత ఆస్తి నదికి రెండు పక్కలా ఉంది. పాతపట్నం పక్క భూమికి 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం, రైతువారీ పట్టా. పర్లాకిమిడి పక్క భూమికి 1951 నాటి ఒరిస్సా ఎస్టేట్ల రద్దు చట్టం. తాత ఒక్కడే, జమీందారు ఒక్కడే, చట్టాలు రెండు, కోర్టులు రెండు, భాషలు రెండు. పంపకం పూర్తయ్యేసరికి పదకొండేళ్ళు పట్టింది. అన్నగారు అప్పటికి లేరు. గీత గీసినవాళ్ళకి ఇలాంటివి కనబడవు.

ఇక తెలుగువాళ్ళ బాధ. దానికి ఒక్క పేరు చాలు, గిడుగు రామమూర్తి పంతులుగారు. 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టారుగా చేరారు. తర్వాత అక్కడి కాలేజీలో పాఠం చెప్పి 1911లో రిటైరయ్యారు. వ్యావహారిక భాషా ఉద్యమం అని మీరు బడిలో చదువుకున్నారే, దాని వెనక ఆలోచనంతా ఈ ఊళ్ళోనే పాకానపడింది. సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు, వాళ్ళ పిల్లలకి బడులు పెట్టారు. ముఖలింగం శాసనాలు చదివి అదే పాత కళింగనగరం అని వాదించింది కూడా ఆయనే. అలాంటి మనిషి పర్లాకిమిడి ఆంధ్రులతోనే ఉండాలని గట్టిగా పోరాడారు. జనాభా లెక్కల్లో ఎవరిని ఏ భాషవాళ్ళుగా రాశారన్నది అప్పట్లో రెండు పక్షాలకీ పెద్ద గొడవ. చివరికి గెలవలేదు. 1936లో, డెబ్బై దాటిన వయసులో, యాభై ఏళ్ళకి పైగా బతికిన ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. 1940 జనవరి 22న పోయారు.

ఆ వయసులో ఇల్లు కదలడం అంటే ఏమిటో ఆలోచించండి. మీ నాన్నగారి మాటలో ఉన్న కోపానికి మూలం అక్కడుంది. దాన్ని నేను ఎప్పుడూ తప్పనను.

కానీ రెండు వైపులా నిలబడి చూడండి. రాజుగారికీ పంతులుగారికీ కావాల్సింది ఒకటే, తమ భాషవాళ్ళు తమ భాష రాష్ట్రంలో ఉండాలి. ఇద్దరికీ ప్రాణమైన ఊరు ఒకటే. రాజు గెలిచినా పొలాలు అవతలి రాష్ట్రంలో ఉండిపోయాయి, పంతులు ఓడి ఊరు పోగొట్టుకున్నారు. ఒకరిని దుర్మార్గుడిగా చూపిస్తే ఈ కథ అర్థం కాదు. ఇంకో మాట: మనవాళ్ళు పర్లాకిమిడి రాజుని తిడతారు గానీ, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి ఏటా లక్ష రూపాయలిచ్చి ఆదుకున్న జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఎస్టేటు కూడా అదే రోజు ఒరిస్సాకే వెళ్ళిందని ఎవరూ తలుచుకోరు. రాజు తెలుగు ప్రేమికుడైనంత మాత్రాన గీత మారలేదు.

ఇప్పుడు 1942 సంగతి.

1937 ఎన్నికల్లో ఒరిస్సా శాసనసభలో 60కి 36 స్థానాలు కాంగ్రెస్‌కి వచ్చాయి. గవర్నర్లు జోక్యం చేసుకోబోమని హామీ ఇస్తేగానీ మంత్రివర్గం పెట్టమని కాంగ్రెస్ అంది. దాంతో గవర్నరు హబ్బాక్ పర్లాకిమిడి మహారాజాని పిలిచారు. ఏప్రిల్ 1 నుంచి జూలై 19 దాకా ఆయన ప్రధానమంత్రి. అప్పట్లో రాష్ట్ర ముఖ్యమంత్రిని ప్రధానమంత్రి అనేవారు. తర్వాత బిశ్వనాథ్ దాస్ కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చింది, యుద్ధం మొదలయ్యాక రాజీనామా చేసింది. 1941 నవంబరులో కాంగ్రెస్ నుంచి విడిపోయి వచ్చిన గోదాబరీశ్ మిశ్రా లాంటివాళ్ళతో కలిసి మహారాజా మళ్ళీ మంత్రివర్గం పెట్టారు. 1944 జూన్ దాకా నడిచింది.

క్విట్ ఇండియా వచ్చింది ఆ మధ్యలోనే. 1942 సెప్టెంబరు 28న ఒరిస్సా తీరంలోని ఎరం అనే ఊళ్ళో పోలీసులు కాల్పులు జరిపితే పాతిక మందికి పైగా చనిపోయారు. కొరాపుట్ కొండల్లో ఉద్యమం నడిపిన గిరిజన నాయకుడు లక్ష్మణ్ నాయక్‌ని 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరితీశారు. ప్రభుత్వానికి పెద్ద ఎవరంటే మన మహారాజా. పోలీసుల మీద చివరి మాట గవర్నరుదే, యుద్ధ కాలం, ప్రాంతీయ మంత్రివర్గం చేతులు కట్టేసి ఉన్నాయి అని ఆయన్ని మెచ్చుకునేవాళ్ళు అంటారు. అందులో నిజం లేకపోలేదు. కానీ కుర్చీ దిగే స్వేచ్ఛ ఎప్పుడూ ఉంది. ఆయన దిగలేదు. రాష్ట్రం కోసం ఎస్టేటుని ముక్కలు కానిచ్చిన మనిషి, ఆ రాష్ట్రంలోని కొండ మనిషిని ఉరి తీస్తుంటే ఎందుకు కదల్లేదు? బరంపురం ఎప్పుడు వెళ్ళినా నన్ను తొలిచే ప్రశ్న ఇదే. సవరల మధ్య పెరిగిన ఊరి రాజు కాబట్టి ఇంకా ఎక్కువ బాధేస్తుంది.

అదే మంత్రివర్గం కాలంలో 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయం వచ్చింది. అంతవరకూ ఒరిస్సా పిల్లలు డిగ్రీ పట్టా కోసం బయటి విశ్వవిద్యాలయాల మీద ఆధారపడాలి. 1944లో కటక్ వైద్య పాఠశాల కాలేజీ అయింది. ఒడియావాళ్ళు ఆయన్ని పూజించడానికి కారణాలు ఊరికే రాలేదు. మంచిపనీ, ఎరం కాల్పులూ ఒకే మనిషి ఖాతాలో ఉన్నాయి. ఒకటి చూపించి రెండోది కొట్టేయడానికి నాకు మనసొప్పదు.

జమీందారీలు పోయాక రాజకీయంగా ఆయన వెనక్కి తగ్గారు. 1974 మే 25న, 82 ఏళ్ళ వయసులో పోయారు. 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడదీసిన జిల్లాకి గజపతి అని పేరు పెట్టారు, పర్లాకిమిడే దాని కేంద్రం.

మరి ఈరోజు ఊరు ఎలా ఉంది? బజారులో బేరం తెలుగులో మొదలై ఒడియాలో ముగుస్తుంది. ఒకే ఇంట్లో అత్తగారు ఒడియా, కోడలు తెలుగు, పిల్లలు రెండూ. మాటకి ఇబ్బంది లేదు. ఇబ్బంది రాతకి. మా పిల్లల కాలంలో తెలుగు చెప్పే మాస్టారు ఒకాయన రిటైరైతే ఆ ఖాళీ ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది. ఎన్ని అర్జీలు రాశానో లెక్కలేదు, నా చేతి రాతతోనే. ఇప్పుడు మా వీధిలో తెలుగు గలగలా మాట్లాడే కుర్రాళ్ళు, తాత రాసిన తెలుగు వీలునామా తెచ్చి "చదివి పెట్టండి మావయ్యా" అంటారు. గిడుగు వారు బతికిన ఊళ్ళో ఈ మాట వినాల్సి రావడం నాకు గుండెకోత. దీనికి 1936 నాటి రాజుని బాధ్యుణ్ణి చేస్తే మన పని తేలికవుతుంది గానీ, ఆ తర్వాతి ఎనభై, తొంభై ఏళ్ళలో రెండు రాష్ట్రాల్లో కుర్చీ ఎక్కినవాళ్ళందరూ తప్పించుకుంటారు.

కాబట్టి మీ తాతగారు దణ్ణం పెట్టడంలో తప్పులేదు, ఆయన చూసింది రైలు వేసిన ఇంటి మనిషిని. మీ నాన్నగారి బాధలోనూ తప్పులేదు. "అప్పజెప్పాడు" అన్న మాట మాత్రం సరికాదు. అప్పజెప్పడానికి ఊరు ఆయన చేతిలో లేదు, తన పక్షం ఏదో ఆయన ఎన్నడూ దాచలేదు.

చివరగా, మీ తాతగారి భూమి కాగితాలు వెతుకుతున్నానని కూడా రాశారు కదా. అలాంటప్పుడు ఊరి పేరు ఒక్కటే చూసి వెతక్కండి, జిల్లా పేరు మోసం చేస్తుంది. పాతపట్నం వైపు భూమి అయితే 1936 ముందు గంజాం జిల్లా, ఆ తర్వాత విశాఖపట్నం జిల్లా, 1950 ఆగస్టు నుంచి శ్రీకాకుళం జిల్లా. నదికి అటు పర్లాకిమిడి వైపు అయితే 1992 దాకా గంజామే. కాగితం మీద ఫసలీ ఉంటే దానికి 590 కలపండి, ఆ సంవత్సరం జూలైలో మొదలైన లెక్క అది. అప్పుడు ఏ జిల్లా రికార్డులు అడగాలో తెలుస్తుంది. ఎస్టేటు ముద్ర చెరిగిపోయి ఉంటే కాగితాన్ని తడపకండి, లామినేషన్ చేయించకండి. పగటి వెలుతురులో పక్క నుంచి ఫోటో తీయండి, అచ్చు గుంటలు కనబడతాయి. ఆ ఫోటో ఇక్కడ పెట్టండి, పేర్లు, సర్వే నంబర్లు కనబడకుండా కప్పి. తెలుగైనా ఒడియా అయినా నేను చదివి చెబుతాను.